మా తోడికోడలి లివరు

కరోనా రెండో విడత ఊరి మీద పడ్డ ఎండాకాలంలో మా ఇంట్లో ఇద్దరికి ఒకేసారి వచ్చింది. ఒకరు నేను, రెండోవారు మా తోడికోడలు. అప్పటికి మేమిద్దరం మాటలు మానేసి చాలా నెలలైంది.

మాది నరసరావుపేట. కింద వాటాలో బావగారూ, నేను అక్కయ్యా అని పిలిచే ఆ తోడికోడలూ ఉంటారు, పై వాటాలో మేము. మా మామగారు మోటార్లకు వైండింగు చేసేవారు. ఆయన పోయాక అన్నదమ్ములిద్దరూ కలిసి మోటార్లూ పైపులూ అమ్మే కొట్టు పెట్టారు. కొట్లో పొద్దున పోట్లాడుకున్నా, బేరం రాగానే మళ్ళీ ఒకటి కాక తప్పదు వాళ్ళకి. మాకు అలాంటి బలవంతం ఏమీ లేదు. ఒక పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాడు నా ఆకులో రెండో లడ్డూ వేయబోతుంటే, పక్కనే కూర్చున్న అక్కయ్య చెయ్యి అడ్డం పెట్టి, "దానికొద్దులేవయ్యా, ఆ ఒళ్ళు చూస్తన్నావుగా" అంది. బంతిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆమె ఎదురుపడితే తల తిప్పుకోవడం మొదలుపెట్టాను. ఆమె కారణం అడగలేదు. నేను చెప్పలేదు. ఆ తర్వాత ఏ మాటైనా మగవాళ్ళ నోటిగుండానే పైకీ కిందికీ వెళ్ళేది.

పరీక్షలో మా ఇద్దరికే ఉందని, మగవాళ్ళకి లేదని తేలింది. పిల్లల్ని అప్పటికే మాచర్లలో మా అమ్మ దగ్గరికి పంపేశాం. మావారు తన బట్టలు తీసుకుని కిందికి దిగిపోయారు, అక్కయ్య తన బట్టలు తీసుకుని పైకి ఎక్కింది. మరో దారి లేదు. ఆమె ఒక గదిలో, నేనొక గదిలో. మధ్యలో హాలు, హాలుకి అవతల ఆరుబయలు మేడ. పైకప్పు పొద్దున్నే కాగిపోయి, సాయంత్రం దాకా సెగలు కక్కేది.

అందరి భయమూ నా గురించే. నేను లావు మనిషిని, పైగా షుగరు ఉంది. ఆ రోజుల్లో ఎవరు పోయారని విన్నా వెంటనే "షుగరు ఉందంట", "లావు మనిషంట" అనే మాట వినపడేది. చుట్టాలు ఫోన్లు చేసి, ముందు ధైర్యం చెప్పి, ఆ తర్వాత ఏడ్చేవాళ్ళు. మా అమ్మ అయితే ధైర్యం చెప్పే భాగం కూడా వదిలేసింది. మావారు వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మిషను కొనుక్కొచ్చి మెట్ల మీద పెట్టారు. దాన్ని వేలికి తగిలించుకుని అంకె చూడటం, తీసెయ్యడం, మళ్ళీ తగిలించుకోవడం. పడుకుంటే నా ఊపిరి నాకే వినపడేది. వినపడుతుంటే అది మామూలుగా లేదనిపించేది. లేచి తిరిగేదాన్ని. తిరిగితే ఆయాసం వచ్చేది. ఆ ఆయాసం ఒంటి బరువుదో జబ్బుదో తెలియక మళ్ళీ మిషను పెట్టుకునేదాన్ని.

అక్కయ్యకి ఒకరోజు జ్వరం వచ్చి పోయింది. కాస్త పొడి దగ్గు మిగిలింది. సన్నటి మనిషి. యాభై దాటినా గోనె సంచీ అవలీలగా భుజానికెత్తుకుంటుంది. జలుబుకి కూడా మంచం ఎక్కి ఎరగదు. తెల్లారకముందే లేచి హాలు ఊడ్చేది, మేడ కడిగేది, తన వెంట తెచ్చుకున్న తిప్పతీగ, మిరియాలు, అల్లం వేసి కషాయం కాచేది. మొదటిరోజు గ్లాసు తెచ్చి నా గది గుమ్మంలో పెట్టింది.

"తాగు" అంది, గోడ వంక చూస్తూ.

తాగాను. చేదుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఖాళీ గ్లాసు కడిగి మళ్ళీ గుమ్మంలో పెట్టాను. అలా మొదలైంది మా మాట.

మావారికి తెలిసిన డాక్టరుగారొకరు ఊళ్ళోనే చిన్న ఆస్పత్రి నడుపుతున్నారు. ఆయన ఇద్దరికీ రక్త పరీక్షలూ, ఛాతీ స్కానూ చేయించమన్నారు. మర్నాడు రిపోర్టుల కోసం అన్నదమ్ములిద్దరూ మమ్మల్ని కార్లో తీసుకెళ్ళారు. ఆస్పత్రి లోపలికి రానివ్వడం లేదు. ప్రహరీ బయట కార్లలో, ఆటోల్లో, ట్రాక్టరు ట్రక్కుల్లో జనం. అద్దాలు దించుకుని ఎవరి దగ్గు వాళ్ళు దగ్గుతూ కూర్చున్నారు. నా కాళ్ళు నిలవడం లేదు. చెప్పులు విప్పడం, తొడుక్కోవడం. అక్కయ్య మాత్రం చీర కొంగుతో విసురుకుంటూ, "ఎప్పుడు పిలుస్తాడో, ఇంటికాడ బట్టలు నానబెట్టి వచ్చా" అంది.

డాక్టరుగారు వసారా మెట్ల మీదికి వచ్చారు. ఒళ్ళంతా కప్పిన ప్లాస్టిక్ బట్టల్లో కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. ముందు నా కాగితాలు చూశారు.

"మీకు షుగరుంది, జాగ్రత్తగా ఉండాల్సిందే. కానీ ఊపిరితిత్తులు బాగున్నయ్యి, రక్తం కూడా బాగుంది. మందులు మింగి పడుకోండి" అన్నారు.

నేను ఏడ్చేశాను. వింటున్న మావారు కూడా మాస్కు పైకి లాక్కుని అటు తిరిగారు. ఆ సందట్లో డాక్టరుగారు రెండో కాగితాన్ని తిప్పి తిప్పి చూస్తున్న సంగతి మేమెవరం గమనించలేదు. ఫోను తీసి ఏవో అంకెలు నొక్కారు. మళ్ళీ నొక్కారు.

"అమ్మా, మీకెప్పుడన్నా కామెర్లు వచ్చినయ్యా?" అని అక్కయ్యని అడిగారు.

"లేదయ్యా."

"మందు అలవాటేమన్నా..."

"ఏందయ్యా ఆ మాట! నేనేమన్నా తాగుబోతు మనిషినా?"

పక్క ఆటోలో వాళ్ళు కూడా తల తిప్పి చూశారు. బావగారు సిగ్గుతో నేల చూపులు చూశారు. డాక్టరుగారు కోపం తెచ్చుకోలేదు. ఒక మెట్టు కిందికి దిగి, అందరికీ వినపడేట్టు నిదానంగా చెప్పారు. తాగకపోయినా లివరు చెడొచ్చు. ఈమెకి ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి, లివరు పరీక్షలు ఎక్కువ చూపిస్తున్నాయి. ఈ వైరసు వల్ల కొంత మారొచ్చుగానీ, ఇది చూస్తే పాత జబ్బు లోపల దాక్కున్నట్టుంది. వయసు, ఆ లివరు పరీక్షలు, ప్లేట్‌లెట్లు కలిపి ఒక లెక్క కడతారు. లివరు లోపల ఎంత గట్టిపడిందో అంచనా వేసే లెక్క అది. అది ఎక్కువ వచ్చినవాళ్ళలో ఈ జబ్బు ముదరడం ఎక్కువగా చూస్తున్నారు.

"దగ్గుకీ లివరుకీ ఏంది సంబంధం?" అన్నారు బావగారు.

"ఒంట్లో యాడ మంట రేగినా లివరుకి పని పడిద్దండీ. అదే నీరసంగా ఉంటే మంట అదుపు తప్పుద్ది. ఇప్పుడు ఈమె బాగానే ఉంది. ఈ వారం దాటేదాకా నాకు నమ్మకం లేదు."

"అయితే ఆస్పత్రిలో పెట్టమంటారా?"

డాక్టరుగారు ప్రహరీ వంక చూశారు. "నడిచే మనిషికి బెడ్డు ఎవరిస్తారండీ? గుంటూరులో ఒకాయనకి చెప్పి ఉంచుతా. ఈలోపు ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. పొద్దునా సాయంత్రం మిషను చూసి, కాసేపు నడిపించి మళ్ళీ చూడండి. నడిచాక అంకె పడిపోతే ఒక్క గంట కూడా ఆగొద్దు. తిప్పతీగ కషాయాల్లాంటివి తాగుతుంటే ఆపెయ్యండి. జ్వరం లేకుండా జ్వరం మాత్రలు వెయ్యొద్దు."

"ఇది జాతకం చెప్పినట్టుంది" అంది అక్కయ్య.

"జాతకం కాదమ్మా, లెక్కే. తప్పొచ్చు కూడా. తప్పితే అందరికన్నా ముందు సంతోషపడేది నేనే."

కార్లో ఇంటికి బయల్దేరాం. అప్పటిదాకా నా మీదున్న భయమంతా ఎవరో చేత్తో తీసి పక్క సీట్లో పెట్టినట్టయింది. నాకు తేలిక కావాలి కదా? కాలేదు. నా ఊపిరి వినడం మానేసి ఆమె ఊపిరి వినడం మొదలుపెట్టాను.

ఆ వారం ఎలా గడిచిందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. కనిపెట్టుకుని ఉండాల్సిన ఆ ఒక్కరు నేనే. పైన ఇంకెవరున్నారు? ఆమె గిన్నెలు తోముతుంటే వంటగది గుమ్మంలో నిలబడేదాన్ని. స్నానానికి వెళితే తలుపు బయట తచ్చాడేదాన్ని. పొద్దునా సాయంత్రం మేడ మీద ఆ గోడ నుంచి ఈ గోడకి నడిపించేదాన్ని. నేను నడవలేక నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుంటే ఆమె చకచకా నడిచి వచ్చి, వేలు చాపి, "చూడు. తొంభై ఏడు. మీ డాక్టరుకి చూపీ" అనేది. తొంభై ఏడు చూసి నా మనసు నిమ్మళించేది. ఆమె వెనక్కి తిరగ్గానే మళ్ళీ మొదటికొచ్చేది. బాగున్న మనిషిని బాగాలేదేమో అని చూడటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. జ్వరం వస్తే బాగుండు, ఏదో ఒకటి తేలిపోతుంది అనిపించేది ఒక్కోసారి. అలా అనుకున్నందుకు చెంపలు వేసుకునేదాన్ని.

కింద అన్నదమ్ములిద్దరికీ పడటం లేదు. మావారు గుంటూరు తీసుకెళదామంటారు. బావగారు, "తిరిగే మనిషిని అక్కడ పడేస్తే లేని రోగం అంటుకుంటది" అంటారు. ఆయనా తప్పు కాదు. ఆ రోజుల్లో ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళ గురించి మంచి కబురు వినడమే తక్కువ.

ఒక సాయంత్రం ఆమెకి విసుగు పుట్టింది.

"ఏమే, నాకు కాపలా కాస్తన్నావా? కోడిపిల్ల ఎనకాల పిల్లి తిరిగినట్టు ఏంది నీ తిరుగుడు?"

"డాక్టరు చూడమన్నాడుగా అక్కా."

"నన్ను చూసేదేంది? నిన్ను నువ్వు చూసుకో. షుగరు నీకు, ఒళ్ళు నీకు."

ఆ మాటకి నాలో ఎన్నాళ్ళుగానో ఉన్నది బయటికొచ్చింది. "నా ఒంటి గురించి పదిమందిలో అన్నది చాల్లే అక్కా. ఆ లడ్డూ నాకింకా గొంతులోనే ఉంది" అన్నాను.

ఆమె నిజంగానే తెల్లమొహం వేసింది. "ఏ లడ్డూ?"

చెప్పాను. పెళ్ళి ఎవరిదో, పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరు ఎక్కువ నవ్వారో అన్నీ చెప్పాను. ఆమె వింటూ పిట్టగోడకి ఆనుకుంది. ఆమెకి ఒక్క ముక్క కూడా గుర్తులేదు. నేను మాట్లాడటం మానేస్తే మా వాటా పంచమని అడగబోతున్నామేమో అనుకుందట.

"అదా! అందుకా ఇన్నాళ్ళూ? నోటి దురదమ్మాయ్, అన్నానేమో. మొహం మీద అడగొచ్చుగా" అంది. క్షమించమని అడగలేదు. ఆమెకి ఆ అలవాటు లేదు. కింద నుంచి వచ్చిన క్యారేజీ విప్పి, రెండు కంచాల్లో వడ్డించి, మొదటిసారి నాకెదురుగా కూర్చుంది.

ఆ భోజనం దగ్గరే వాళ్ళమ్మ గురించి చెప్పింది. అక్కయ్య పుట్టిల్లు మాచర్ల పక్కన దుర్గి. వాళ్ళవాళ్ళది రాళ్ళు చెక్కే పని. ఈమె చిన్నప్పుడే తల్లి పోయింది. పొట్ట కడవంత ఉబ్బి, కాళ్ళు చేతులు పుల్లలై, చివర్లో ఎవరినీ గుర్తుపట్టలేదట. ఎవరో చేతబడి అన్నారు, ఎవరో కామెర్లు లోపలికి పోయాయన్నారు. పసరు పోయించారు, చేతి మీద వాతలు పెట్టించారు.

"అదే లివరేమో అక్కా" అన్నాను.

"ఏమో. అప్పుడు లివరు అనే మాట మాకేం తెలుసు?" అంది. కానీ తినడం ఆపేసింది.

మర్నాడు పొద్దున మేడ మీద రెండు వైపులా నడిచి వచ్చి, మామూలుగా వేలు చాపడానికి బదులు ట్యాంకు పట్టుకుని నిలబడింది. మిషను పెట్టాను. తొంభై ఒకటి. తుడిచి మళ్ళీ పెట్టాను. తొంభై. ఆమె దాన్ని లాక్కుని నా వేలికి తగిలించింది. నాకు తొంభై ఏడు చూపించింది. ఇద్దరం దాని వంకే చూస్తూ నిలబడ్డాం.

"మిషను చెడిపోయింది" అంది.

"చెడిపోలేదక్కా."

"నాకేం ఆయాసం లేదే!"

ఆ మాట పూర్తిగా అనలేకపోయింది. మధ్యలో ఊపిరి తీసుకుంది. నేను పిట్టగోడ మీద నుంచి కిందికి వంగి మావారిని కేక వేశాను. నా గొంతు అంత పెద్దదని వీధికి ఆరోజే తెలిసింది.

డాక్టరుగారు ముందే చెప్పి ఉంచబట్టి గుంటూరులో బెడ్డు దొరికింది. ఆమె కార్లో వెనక సీట్లో పక్కకి ఒరిగి కూర్చుంది. ఆయన పంపిన ఆక్సిజన్ సిలిండరు కాళ్ళ దగ్గర. ఎక్కేముందు నావైపు తిరిగి, "పప్పులు ఎండబెట్టా, ఎత్తెయ్" అంది. నాకింకా జబ్బు తగ్గలేదు కాబట్టి వెంట వెళ్ళలేకపోయాను. బావగారు ముందు సీట్లో కూర్చుని, ఒకసారి నావైపు చూసి చేతులు జోడించారు. అది నాకో, దేవుడికో తెలియదు.

ఫిరంగిపురం దాటేసరికి ఆమె మాట తడబడిందట. ఇంకొక్క పూట ఇంట్లో ఉంచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు అక్కడి డాక్టర్లు. చేర్చుకునేటప్పుడు చేసే పరీక్షల్లోనే అసలు సంగతి తేలింది. హెపటైటిస్ బి. పుట్టినప్పుడే తల్లి నుంచి వచ్చి ఉంటుందన్నారు. దశాబ్దాలుగా చప్పుడు చేయకుండా లివరుని గట్టిపరుస్తూ వచ్చింది. ఊపిరి మంట తగ్గించడానికి ఇచ్చే స్టిరాయిడ్లకి అది రెచ్చిపోకుండా దానికీ వేరే మాత్ర మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో పైన ఒక్కదాన్నే ఉన్నాను. ఫోను చేతిలోంచి దించేదాన్ని కాదు. బావగారు చేస్తే భయం, చేయకపోతే భయం. నాకు తగ్గాక గుంటూరు వెళ్ళి, లోపలికి రానివ్వకపోతే ఆ ఆస్పత్రి ఎదుట మూసేసిన కొట్టు అరుగు మీద కూర్చునేదాన్ని. అక్కడ కూర్చుంటే ఒరిగేదేమీ లేదు. కానీ ఇంట్లో కూర్చోలేకపోయేదాన్ని. ఒకరోజు నర్సు ఫోనులో ఆమెని చూపించింది. ముక్కూ నోరూ మూసిన మాస్కు వెనక నుంచి ఏదో అంటోంది. నాకు వినపడలేదు. నర్సు చెవి పెట్టి విని, "తిన్నావా అని అడుగుతోంది" అని చెప్పింది.

బతికింది. ఇంటికి వచ్చేసరికి సగం మనిషి అయింది. మెట్లెక్కడానికి చాలా కాలం పట్టింది. ఆ తర్వాత లివరు డాక్టరు దగ్గరికి తిరగడం మొదలైంది. ఇది మొదటి మెట్టు దాటిన జబ్బని, మాత్ర రోజూ మింగుతూ ఆరు నెలలకోసారి స్కాను చేయించుకుంటే చాలాకాలం కాపాడుకోవచ్చని ఆయన చెప్పారు. బావగారికీ, వాళ్ళమ్మాయికీ, మాకూ పరీక్షలు చేశారు. ఎవరికీ లేదు. అందరికీ దాని టీకాలు వేశారు. ఒక కంచంలో తింటే రాదని డాక్టరు పదేపదే చెప్పినా, అక్కయ్య కొన్నాళ్ళు తన గ్లాసు వేరే పెట్టుకుంది. ఒకరోజు నేను ఆ గ్లాసుతోనే కాఫీ తాగాను. ఆమె తిట్టింది. మర్నాటి నుంచి వేరే పెట్టలేదు.

తల్లి నుంచి వచ్చేదైతే తమ్ముడికి కూడా ఉండొచ్చని డాక్టరు అన్నప్పటి నుంచి ఆమెకి నిద్ర లేదు. తమ్ముడు దుర్గిలోనే శిల్పాలు చెక్కుతాడు. ఫోను చేస్తే, "నాకేమైంది? దుక్కలాగున్నా" అని పెట్టేసేవాడు. చివరికి ఒకరోజు నన్ను తోడు తీసుకుని కార్లో బయల్దేరింది. మేం వెళ్ళేసరికి అతను షెడ్డు కింద తెల్లటి రాతిపొడిలో మునిగి ఉన్నాడు. ఏదో గుడికి నందిని చెక్కుతున్నాడు. నంది ముఖం అయింది, ఒళ్ళు ఇంకా రాయే. అక్కయ్య తిన్నగా వెళ్ళి ఆ రాయి మీద కూర్చుంది.

"లెయ్యక్కా, దేవుడు" అన్నాడతను.

"ఇంకా రాయేగా. రక్తమిస్తానంటే లేస్తా."

"పనుంది. వచ్చే వారం ఇస్తా."

"మనమ్మ కూడా పడిపోయే ముందటి ఏడు దాకా పత్తి తీసింది. దాన్ని చూసి రోగమని ఎవడన్నా అనుకున్నాడా?"

పనివాళ్ళు ఉలులు ఆపి చూస్తున్నారు. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఆమె కొంగు తల మీద కప్పుకుని కదలకుండా కూర్చుంది. నాకు ఒకటే ఆత్రం. ఆమె నీళ్ళు తాగి చాలాసేపయింది, సీసా కార్లో ఉంది, తేవడానికి వెళితే ఈలోపు తమ్ముడి మాటకి మెత్తబడి లేస్తుందేమోనని అనుమానం. అతను అటూ ఇటూ తిరిగాడు, బీడీ వెలిగించి పారేశాడు, చివరికి కుళాయి దగ్గర మొహం కడుక్కుని, "పద" అన్నాడు. మాచర్లలో రక్తం తీయించాం.

అతనికీ ఉంది. కానీ లివరు ఇంకా చెడలేదు. ఇప్పుడే తెలియడం మేలైందన్నారు.

మొన్న పొద్దున ఇద్దరం కింద వసారాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే అతని దగ్గర నుంచి ఫోను వచ్చింది. అక్కయ్య స్పీకరులో పెట్టింది.

"అక్కా, పిల్లలిద్దర్నీ తీసుకొచ్చా. పరీక్షకి వరసలో నిలబడ్డాం" అన్నాడు. వెనక నుంచి ట్రాఫిక్ చప్పుడు, ఒక పిల్లాడు సూది పెద్దదా చిన్నదా అని అడగడం వినపడుతున్నాయి.

"దీనికి పరగడుపున ఉండక్కర్లేదంటరా. ముందు వాళ్ళకి టిఫిను పెట్టించు" అంది అక్కయ్య.